సముద్రం అడుగు నుంచి లైవ్: గంటల తరబడి బురద చూపించే ఈ ప్రసారాలకు నా రివ్యూ

ఏడాదిన్నరగా వీటిని వదలకుండా చూస్తున్నాను, అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నా. విషయం ఏంటంటే, సముద్రంలో ఎక్కడో ఒక పరిశోధన నౌక నిలబడి ఉంటుంది. దాని మీద నుంచి కేబుల్ కట్టిన ఒక రోబోను నీళ్లలోకి దింపుతారు, దాన్ని ఆర్‌ఓవీ అంటారు. అది రెండు వేలో నాలుగు వేలో మీటర్ల కిందికి పోయి అడుగున మెల్లగా తిరుగుతుంటుంది. దాని కెమెరాకు ఏం కనిపిస్తుందో అదే కొద్ది సెకన్ల తేడాతో మన ఫోన్‌లో కనిపిస్తుంది, పైన కంట్రోల్ రూమ్‌లో కూర్చున్న పైలట్ల మాటలు, శాస్త్రవేత్తల మాటలు కూడా వినిపిస్తాయి. యూట్యూబ్ ఉంటే చాలు, పైసా కట్టక్కర్లేదు.

ఇలా ప్రసారం చేసేవాళ్లలో నేను ఎక్కువగా చూసేది మూడు నౌకలవి. ష్మిట్ ఓషన్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ల ఫాల్కోర్ టూ ఒకటి, దాని రోబో పేరు సుబాస్టియన్, 4,500 మీటర్ల దాకా దిగుతుంది. రెండోది నాటిలస్. 1985లో టైటానిక్ శిథిలాల్ని కనిపెట్టిన యాత్రను నడిపించినవాళ్లలో ఒకరైన రాబర్ట్ బల్లార్డ్ స్థాపించిన ఓషన్ ఎక్స్‌ప్లొరేషన్ ట్రస్ట్ దీన్ని నడుపుతుంది, రోబో హెర్క్యులిస్, 4,000 మీటర్లు దానికి హద్దు. మూడోది అమెరికా ప్రభుత్వ సంస్థ ఎన్‌ఓఏఏ వాళ్ల ఒకియానోస్ ఎక్స్‌ప్లోరర్, దాని డీప్ డిస్కవరర్ 6,000 మీటర్ల దాకా పోగలదు. మూడూ రోజూ ఉండవు, యాత్ర నడుస్తున్నప్పుడే లైవ్.

నా మార్కులు అయిదుకు నాలుగున్నర. ఆ అర మార్కు ఎందుకు తగ్గించానో కింద చెప్తాను, అది పెద్ద విషయమే.

డైవ్ ఎలా సాగుతుందో ముందు చెప్పాలి, ఎందుకంటే అది తెలియక మొదటిసారి నేను నలభై నిమిషాలకే ఆపేశాను. రోబో నీళ్లలో మునగగానే స్క్రీన్ అంతా నీలం. కిందికి పోతున్నకొద్దీ ఆ నీలం ముదురుతుంది, 200 మీటర్లు దాటాక వెలుగు బాగా తగ్గిపోతుంది, 1,000 మీటర్ల దగ్గరికి వచ్చేసరికి సూర్యుడి వెలుగు అన్నదే ఉండదు. ఆ తర్వాత కనిపించేదంతా రోబో దీపాల వెలుతురే. నిమిషానికి సుమారు 30 మీటర్ల చొప్పున దిగుతుంది కాబట్టి 4,000 మీటర్ల అడుగు చేరడానికి రెండు గంటల పైనే పడుతుంది. ఆ రెండు గంటలూ నల్లటి నీళ్లలో తెల్లటి నలకలు పైకి పోతున్నట్టు కనిపిస్తాయి. నిజానికి పైకి పోతున్నది నలకలు కాదు, కిందికి పోతున్నది మనం. వాటిని మెరైన్ స్నో అంటారు. పైన చచ్చిపోయిన సూక్ష్మజీవులు, వాటి మలం, జిగురు, అన్నీ కలిసి ముద్దలుగా మెల్లగా రాలుతూ ఉంటాయి. అడుగున బతికేవాటిలో చాలావాటికి తిండి అదే, పైనుంచి రాలిన ఎంగిలి. ఈ సంగతి తెలిశాక ఆ రెండు గంటలు నాకు విసుగనిపించడం మానేసింది.

తర్వాత అడుగు కనిపిస్తుంది. ఎప్పుడు చూసినా ఆ క్షణం ఒకలాగే ఉంటుంది, ముందు ఏమీ ఉండదు, తర్వాత బూడిదరంగులో ఒక నేల దీపాల కిందికి వచ్చి ఆగుతుంది. కంట్రోల్ రూమ్‌లో ఎవరో ఒకరు అడుగు కనబడిందని చెప్తారు. ఆ చోటును అప్పటిదాకా మనిషన్నవాడు చూసి ఉండడు, దాదాపు ప్రతి డైవ్‌లోనూ అంతే. నేను ఇంట్లో దుప్పటి కప్పుకుని కూర్చుని, దాన్ని మొదటిసారి చూస్తున్నవాళ్లలో ఒకణ్ణవుతున్నాను. ఈ మాట రాస్తుంటే కూడా ఒళ్లు పులకరిస్తోంది.

స్క్రీన్ మీద అంకెలు ఉంటాయి, వాటిని చదవడం నేర్చుకుంటే చూడ్డంలో రుచి రెట్టింపవుతుంది. లోతు, నీటి ఉష్ణోగ్రత, కొన్నిట్లో ఆక్సిజన్, ఉప్పదనం, రోబో ఏ దిక్కుకు తిరిగి ఉంది, ఇవన్నీ మారుతూ ఉంటాయి. అడుగున మామూలుగా రెండు నుంచి నాలుగు డిగ్రీలే ఉంటుంది. ఆ అంకె ఉన్నట్టుండి అర డిగ్రీ పెరిగితే శాస్త్రవేత్తల గొంతులు మారిపోతాయి, దగ్గర్లో ఎక్కడో వేడినీళ్లు ఊరుతున్నాయేమో అని. ఇంకోటి, నేల మీద రెండు చుక్కలు పక్కపక్కన వెలుగుతూ కనిపిస్తాయి. అవి లేజర్లు, వాటి మధ్య దూరం సాధారణంగా 10 సెంటీమీటర్లు. చీకట్లో ఏది చిన్నదో ఏది పెద్దదో కంటికి తెలియదు కదా, అందుకే జంతువు మీద ఆ చుక్కలు పడేలా పెట్టి కొలుస్తారు. గుప్పెడంత ఉందనుకున్న స్పాంజ్ (ఇది నేలకో రాయికో అతుక్కుని బతికే ఒక జంతువు) మీటరు పొడుగు తేలుతుంది ఒక్కోసారి.

రంగుల విషయం కూడా చెప్పాలి. అక్కడ రొయ్యలు, జెల్లీ ఫిష్‌లు చాలా వరకు ఎర్రగా మెరిసిపోతూ కనిపిస్తాయి, ఇంత అందం చీకట్లో ఎందుకని నాకు అనుమానం వచ్చేది. ఎర్ర కాంతిని నీళ్లు అన్నిటికంటే ముందు మింగేస్తాయి. అంటే ఆ లోతులో ఎరుపూ నలుపూ ఒకటే, ఆ రంగు దాక్కోవడానికి. మన రోబో దీపం పడితే తప్ప అది ఎర్రదని ఆ సముద్రంలో ఎవరికీ తెలియదు.

ఇక కష్టాలు. లోతు సముద్రంలోకి పోవడం ఎందుకంత కష్టం అని పుస్తకంలో చదివితే ఒక పేరాలో అయిపోతుంది, ఈ ప్రసారాలు చూస్తే ఒంటికి తెలుస్తుంది. ప్రతి 10 మీటర్లకీ ఒక వాతావరణ పీడనం పెరుగుతుంది. 4,000 మీటర్ల దగ్గర బొటనవేలి గోరంత చోటు మీద 400 కిలోల పైన బరువు పడుతుందన్నమాట. రోబో పైన పసుపురంగులోనో మరో రంగులోనో పెద్ద దిమ్మ ఉంటుంది చూడండి, అది రోబో తేలడానికి పెట్టినది. మామూలు నురగైతే ఆ పీడనానికి నలిగిపోతుంది, అందుకే కంటికి కనిపించనంత చిన్న గాజు బుడగల్ని గట్టి రెసిన్‌లో కలిపి చేస్తారు. మామూలు నురగకు ఏమవుతుందో కూడా చూపిస్తారు. థర్మాకోల్ కప్పుల మీద బొమ్మలు గీసి, పేర్లు రాసి, సంచిలో కట్టి కిందికి పంపుతారు, పైకి వచ్చేసరికి ఆ కప్పు వేలికి తొడుక్కునే తొడుగంత అవుతుంది, బొమ్మ మాత్రం చెక్కుచెదరదు. పిల్లలకు చూపించడానికి ఇంతకంటే మంచిది లేదు.

పీడనం ఒక్కటే కాదు. నీళ్లలో రేడియో సిగ్నల్ పోదు, జీపీఎస్ పనిచేయదు. అంతరిక్షంలో కోట్ల కిలోమీటర్ల అవతల ఉన్న నౌకతో రేడియోలో మాట్లాడగలం, నాలుగు కిలోమీటర్ల నీళ్ల కింద ఉన్నదానితో మాట్లాడలేం. శబ్దం మాత్రం పోతుంది, సెకనుకు సుమారు 1,500 మీటర్ల వేగంతో, కానీ దాంట్లో వీడియో పంపడానికి చాలదు. అందుకే కేబుల్. లోపల ఉండే ఆప్టికల్ ఫైబర్ మీదే మనం చూసే బొమ్మంతా పైకి వస్తుంది. పైన అలలకు నౌక ఎగిరెగిరి పడుతుంటుంది, కింద రోబో కదలకుండా ఒక పురుగును పట్టుకోవాలి, మధ్యలో నాలుగు కిలోమీటర్ల తాడు. పైలట్లు ఆ పని చేస్తుంటే ఊపిరి బిగబట్టి చూస్తాను నేను.

ఆ తాడు తెగితే? జపాన్ వాళ్ల కైకో 1995లో పసిఫిక్‌లోని మరియానా ట్రెంచ్ అనే అగాధంలో, సముద్రాలన్నిట్లోకీ లోతైన చోటైన చాలెంజర్ డీప్ అడుగును తాకిన రోబో. 2003లో కేబుల్ తెగి సముద్రంలోనే పోయింది, మళ్లీ దొరకలేదు. అమెరికాలోని ఉడ్స్ హోల్ సముద్ర పరిశోధన సంస్థ వాళ్ల నీరియస్ అనే రోబో 2014 మే నెలలో న్యూజిలాండ్ దగ్గరి కెర్మడెక్ ట్రెంచ్‌లో 9,900 మీటర్ల దగ్గర పగిలిపోయింది, ముక్కలు పైకి తేలాయి. ఏళ్ల తరబడి కష్టపడి కట్టినవి ఒక్క క్షణంలో పోయాయి. మనుషులే దిగిన కథ మీకు తెలిసే ఉంటుంది. 1960 జనవరి 23న జాక్ పికార్డ్, డాన్ వాల్ష్ ఇద్దరూ ట్రియెస్ట్ అనే లోతు సముద్రపు వాహనంలో చాలెంజర్ డీప్ అడుగుకు, అంటే దాదాపు 11 కిలోమీటర్ల లోతుకు చేరారు. దిగడానికి ఐదు గంటల దాకా పట్టింది, అడుగున ఉన్నది 20 నిమిషాలు. రేగిన బురద వల్ల ఒక్క ఫొటో కూడా తీయలేకపోయారు. ఇప్పుడు నేను ఒక సీ కుకుంబర్, అంటే దోసకాయలా ఉండే మెత్తటి సముద్ర జంతువు, బురద తింటూ నడుస్తుంటే పావుగంట సేపు హై డెఫినిషన్‌లో చూస్తున్నాను.

మరి ఇన్ని కష్టాలు పడి చూపించేదేంటి అంటే, నిజం చెప్పాలంటే ఎక్కువ భాగం బురద. బురద, బురద మీద ఏవో జాడలు, ఒక రాయి, రాయి మీద ఒక స్పాంజ్, మళ్లీ బురద. మీకు జంతువులే కావాలంటే క్లిప్పులు చూసుకోవచ్చు, అవీ అదే ఛానెళ్లలో ఉంటాయి. కానీ నా మాట వినండి, క్లిప్ చూస్తే సముద్రం అడుగు అంతా ఆక్టోపస్‌లతో కిటకిటలాడుతోందని అనిపిస్తుంది. లైవ్ చూస్తే ఆ ఆక్టోపస్ కోసం ఎంత చీకటి దాటాలో తెలుస్తుంది. ఆ తెలియడమే ఈ సేవలో అసలు సరుకు, నాకు ఇంకెక్కడా అది దొరకలేదు.

దొరికినప్పుడు మాత్రం మామూలుగా ఉండదు. 2018 అక్టోబర్‌లో నాటిలస్ వాళ్లు కాలిఫోర్నియా తీరానికి అవతల డేవిడ్‌సన్ అనే సముద్రం అడుగున ఉన్న అగ్నిపర్వతం దగ్గర, 3,200 మీటర్ల లోతులో, రాళ్ల మీద వెయ్యికి పైగా ఆక్టోపస్‌లు తలకిందులుగా గుడ్లు పొదుగుతూ కూర్చుని ఉండడం చూశారు. ఎందుకక్కడే అన్నది తర్వాత మాంటెరే బే అక్వేరియం పరిశోధన సంస్థ వాళ్లు మూడేళ్ల పాటు మళ్లీ మళ్లీ వెళ్లి తేల్చారు. చుట్టూ నీళ్లు 1.6 డిగ్రీలు, ఆ రాళ్ల సందుల్లో ఊరే నీళ్లు 11 డిగ్రీల దాకా ఉన్నాయి. అంత చలిలో అయితే గుడ్లు పొదగడానికి ఐదేళ్ల పైనే పట్టాలి, అక్కడ రెండేళ్ల లోపే పిల్లలు బయటికొస్తున్నాయి. అంటే తల్లులు వెచ్చటి చోటు వెతుక్కుని వచ్చి కూర్చుంటున్నాయి. ఇది చదివి నేను ఆ పాత డైవ్ వీడియో మొత్తం మళ్లీ చూశాను, వేడినీళ్లు కలిసిన చోట బొమ్మ కొద్దిగా అలల్లా వణుకుతుంది, గమనించండి.

2020లో సుబాస్టియన్ ఆస్ట్రేలియా పశ్చిమ తీరం దగ్గర నీళ్లలో చుట్టలు చుట్టుకుని తేలుతున్న ఒక సైఫనోఫోర్‌ను (జెల్లీ ఫిష్‌లకు చుట్టమైన, తాడులాంటి జీవి) చూసింది, దాని బయటి చుట్టు ఒక్కటే 45 మీటర్ల పైన ఉంటుందని అంచనా వేశారు. 2025 మార్చిలో దక్షిణ అట్లాంటిక్‌లోని సౌత్ శాండ్‌విచ్ దీవుల దగ్గర 600 మీటర్ల లోతులో అదే రోబో ఒక బుల్లి కొలోసల్ స్క్విడ్‌ను (స్క్విడ్‌లన్నిట్లోకీ బరువైన జాతి) వీడియో తీసింది, 30 సెంటీమీటర్లే. ఆ జాతికి పేరు పెట్టి అప్పటికి సరిగ్గా వందేళ్లు. ఆ వందేళ్లలో అది తన చోట తాను బతికి ఉండగా కెమెరాకు చిక్కిందని నిర్ధారణ కావడం అదే మొదటిసారి, అప్పటిదాకా తిమింగలాల కడుపుల్లోనో జాలర్ల వలల్లోనో దొరికినవే. అదే ఏడాది జనవరిలో అంటార్కిటికా దగ్గర ఏ-84 అనే పెద్ద మంచుకొండ తీరపు మంచు పలక నుంచి విరిగి విడిపోతే, పక్కనే పనిలో ఉన్న ఫాల్కోర్ టూ బృందం అనుకున్న ప్లాన్ పక్కన పెట్టి అటు తిరిగింది. కొద్ది రోజుల ముందు వరకు మంచు కప్పేసిన నేలను 1,300 మీటర్ల లోతు దాకా పోయి చూస్తే, అక్కడ పగడాలు, పెద్ద పెద్ద స్పాంజ్‌లు. వెలుగు లేదు, పైనుంచి రాలే తిండి కూడా లేదు, మంచు కింద అవి ఎన్నేళ్లుగా ఉన్నాయో!

ఇప్పుడు ఒక లెక్క. 2025లో వచ్చిన ఒక అధ్యయనం 1958 నుంచి చేసిన సుమారు 44,000 డైవ్‌ల వివరాలు పోగేసి చూసింది. 200 మీటర్లకు మించి లోతున్న సముద్రపు అడుగులో మనిషి కెమెరాతోనో కళ్లతోనో చూసింది 0.001 శాతం కంటే తక్కువ. భూమి మీద మూడింట రెండు వంతులు ఆ లోతు సముద్రమే. చూసిందంతా ఒకచోట పేరిస్తే 3,800 చదరపు కిలోమీటర్ల చిల్లర. అది కూడా ఎక్కువగా అమెరికా, జపాన్, న్యూజిలాండ్ తీరాలకు దగ్గర్లోనే. చాలామంది దీన్ని మ్యాపింగ్‌తో కలిపేస్తారు, రెండూ వేరు. నౌక నుంచి శబ్ద తరంగాలు పంపి అడుగు ఎత్తుపల్లాలు కొలవడం మ్యాపింగ్, సీబెడ్ 2030 ప్రాజెక్టు లెక్కలో 2017లో అది 6 శాతం ఉండేది, 2025 జూన్‌కి 27.3 శాతానికి వచ్చింది. అంటే కొండ ఎక్కడుందో తెలుసు. కొండ మీద ఏముందో తెలియదు.

చూడకపోతే ఏం పోయిందని ఎవరైనా అడిగితే నేను 1977 సంగతి చెప్తాను. గాలపాగోస్ దగ్గర సముద్రం అడుగున వేడినీటి బుగ్గలు ఉంటాయేమోనని ఆల్విన్ అనే చిన్న జలాంతర్గామితో వెళ్లారు. వెతికింది వేడినీళ్ల కోసం, అందుకే బృందంలో భూగర్భ శాస్త్రవేత్తలు, రసాయన శాస్త్రవేత్తలే, జీవశాస్త్రవేత్త ఒక్కరు కూడా లేరు. 2,500 మీటర్ల లోతులో, చిమ్మచీకట్లో, ఆల్చిప్పలు, పీతలు, గొట్టాల్లో బతికే పెద్ద పురుగులు గుంపులు గుంపులుగా కనిపించాయి. ఆ జీవాలన్నీ సూర్యుడి మీద కాదు, నీళ్లలోని హైడ్రోజన్ సల్ఫైడ్‌ను వాడుకుని బతికే బ్యాక్టీరియా మీద ఆధారపడ్డాయి. జీవం ఎలా మొదలైందన్న ఆలోచనే ఆ ఒక్క డైవ్‌తో మారిపోయింది. ఎవరూ వెతకని చోట దొరికింది అది. నేను బురద చూస్తూ విసుక్కోకుండా కూర్చోవడానికి కారణం ఇదే.

ఇంకా దగ్గరి కారణాలు కూడా ఉన్నాయి. మనం వాతావరణంలోకి వదిలిన వాయువుల వల్ల పెరిగిన వేడిలో 90 శాతం పైగా సముద్రమే మింగుతోంది, అందులో కొంత లోతుల్లోకి పోతోంది. సముద్రమంతా తేలుతూ ఉష్ణోగ్రత కొలిచే ఆర్గో పరికరాల్లో ఎక్కువ శాతం 2,000 మీటర్ల దాకే పోతాయి, సముద్రం సగటు లోతేమో దాదాపు 3,700 మీటర్లు. ఆ పైన గనుల తవ్వకం ఒకటి తలుపు తడుతోంది. హవాయికీ మెక్సికోకీ మధ్య క్లారియన్ క్లిప్పర్టన్ జోన్ అని ఉంది, అక్కడ 4,000 నుంచి 5,500 మీటర్ల లోతులో నేల మీద బంగాళదుంపలంత నల్లటి ముద్దలు పరుచుకుని ఉంటాయి. మాంగనీస్, నికెల్, కోబాల్ట్, రాగి, బ్యాటరీలకు కావలసినవన్నీ అందులో ఉన్నాయి. పది లక్షల ఏళ్లకు కొన్ని మిల్లీమీటర్లు పెరుగుతాయి అవి. ఆ ప్రాంతంలో ఇప్పటిదాకా దొరికిన 5,500 పైచిలుకు జాతుల్లో పదింట తొమ్మిదింటికి ఇంకా పేరే లేదు. 1979లో అక్కడ ఒక యంత్రంతో తవ్వి చూశారు, 44 ఏళ్ల తర్వాత వెళ్లి చూస్తే ఆ యంత్రం జాడలు అలాగే ఉన్నాయి. కొన్ని చిన్న జీవులు తిరిగొచ్చాయి, నేల మాత్రం మానలేదు. తవ్వాలా వద్దా అన్నది పెద్దవాళ్లు తేల్చుకుంటారు, కానీ ఏముందో చూడకుండా తేల్చకూడదని నా గట్టి అభిప్రాయం. ఈ ప్రసారాలు చూసేదాకా నాకు ఇందులో అభిప్రాయమే లేదు.

ఇప్పుడు ఫిర్యాదులు. మొదటిది ఆడియో. ఒక డైవ్‌లో గంట సేపు ఏదో గీసినట్టు రొద వచ్చింది, చాట్‌లో అందరూ చెప్పినా ఎవరూ పట్టించుకోలేదు. ఇంకో ప్రసారంలో మాట్లాడే నలుగురిలో ఒకరి మైకు అసలు వినపడలేదు, తెలివైన ప్రశ్నలన్నీ ఆయనవే అని మిగతావాళ్ల జవాబులను బట్టి తెలుస్తోంది. రెండోది, నౌక మ్యాపింగ్ చేస్తున్నప్పుడో వాతావరణం బాగోక డైవ్ ఆగినప్పుడో స్క్రీన్ మీద ఒక బొమ్మ పెట్టి వదిలేస్తారు, ఎప్పుడు మొదలవుతుందో చెప్పరు. ఒకసారి అలారం పెట్టుకుని తెల్లవారుజామున లేచాను, డైవ్ రద్దు. వాతావరణం ఎవరి చేతిలోనూ ఉండదు, కానీ ఒక్క లైన్ రాసి పెడితే చాలు కదా.

మూడోది ఫిర్యాదు కాదు, నా మనసులో ఉన్న ముల్లు. రోబో చెయ్యి చాచి ఒక పగడాన్ని విరుస్తుంది, లేదా గొట్టంతో ఒక జీవిని పీల్చి పెట్టెలో వేసి మూత పెడుతుంది. హవాయి దగ్గర దొరికిన ఒక నల్ల పగడం వయసు 4,200 ఏళ్ల పైమాటేనని లెక్క తేలింది, అలాంటిదాని కొమ్మ విరుగుతుంటే చూడ్డం నాకు కష్టం. కానీ చేతిలో నమూనా లేకుండా కొత్త జాతికి పేరు పెట్టడం చాలా కష్టం, పేరు లేనిదాన్ని కాపాడమని ఎవరినీ అడగలేం. శాస్త్రవేత్తలు కూడా కొమ్మ ఎంత తుంచాలో, ఇది వదిలేద్దామా అని చాలాసేపు మాట్లాడుకుంటారు, కొన్నిసార్లు వదిలేస్తారు. ఆ చర్చను దాచకుండా వినిపిస్తున్నందుకు వాళ్ల మీద నా గౌరవం పెరిగింది.

ఇక అర మార్కు తగ్గించిన సంగతి, భాష. దాదాపు అంతా ఇంగ్లిష్‌లోనే, అది కూడా జాతుల లాటిన్ పేర్లతో కలిసి గబగబా పోతుంది. భాష ఎంత తేడా తెస్తుందో 2025 జులై, ఆగస్టుల్లో తెలిసింది. అర్జెంటీనా శాస్త్రవేత్తలు ఫాల్కోర్ టూ మీద ఎక్కి తమ దేశం పక్కనే ఉన్న మార్ దెల్ ప్లాతా లోయలో, 3,900 మీటర్ల లోతు దాకా డైవ్‌లు చేశారు. అదే నౌక, అదే రోబో, అదే బురద. కానీ మాట్లాడింది స్పానిష్‌లో, పక్కింటివాళ్లతో మాట్లాడినట్టు. ఒకేసారి పదుల వేల మంది లైవ్ చూశారు, మొత్తం వ్యూస్ కోటి దాటాయి. బొద్దుగా ఉన్న ఒక స్టార్ ఫిష్ దేశమంతా హీరో అయిపోయింది, పిల్లలు దాని బొమ్మలు గీశారు. నేను స్పానిష్ రాకపోయినా రెండు రాత్రులు చూశాను, వాళ్ల నవ్వులు చాలు. మన భాషలో అలా ఎవరైనా పక్కన కూర్చుని చెప్తే మన ఇళ్లలో పిల్లలు పడుకుంటారా? కనీసం తెలుగు క్యాప్షన్లు సరిగ్గా వస్తే బాగుండు. ఆటోమేటిక్‌వి పెట్టి చూశాను, స్పాంజ్ అన్న ప్రతిసారీ గిన్నెలు తోమే స్పాంజే అనుకునేలా వస్తోంది. మెరైన్ బయాలజీ చదువుతున్న తెలుగువాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, దయచేసి డైవ్ నడుస్తుండగా తెలుగులో పక్కన లైవ్ కామెంటరీ పెట్టండి, నేను మొదటి వరసలో కూర్చుంటాను.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు నేను చెప్పేవి కొన్నే. దిగే రెండు గంటలు పనులు చేసుకుంటూ వినండి, అడుగు చేరాక కూర్చోండి. గదిలో లైట్ ఆర్పేయండి, చీకటి బొమ్మ కదా, వెలుగులో సగం కనబడదు. చిన్న ఫోన్ కంటే టీవీయో ల్యాప్‌టాపో మేలు. వీడియో క్వాలిటీ తగ్గితే మెరైన్ స్నో అంతా చుక్కల గందరగోళంగా మారిపోతుంది, నెట్ బాగున్న చోట చూడండి. చాట్‌లో ప్రశ్న అడగడానికి మొహమాటపడకండి, నేను అడిగిన ఒక చిన్న ప్రశ్నకు, ఆ సీ కుకుంబర్ వెనక్కి నడవగలదా అని, కంట్రోల్ రూమ్ నుంచి ఒక శాస్త్రవేత్త రెండు నిమిషాలు జవాబు చెప్పారు, ఆ రోజంతా నా మొహం వెలిగిపోయింది. లైవ్ కుదరకపోతే పూర్తి డైవ్ రికార్డింగులు కూడా కొన్ని ఉంటాయి, అవి వేగం పెంచకుండా చూడండి.

మరొకటి, మధ్యలో లేచిపోకండి. 2019లో నాటిలస్ వాళ్లు అదే డేవిడ్‌సన్ అగ్నిపర్వతం దగ్గర ఆ ఏడాది యాత్రలో చివరి డైవ్‌లో ఉన్నారు, ఆ డైవ్ కూడా ముగింపుకొచ్చింది. అప్పుడు దీపాల వెలుతురులోకి ఒక తిమింగలం అస్థిపంజరం వచ్చింది, 3,200 మీటర్ల లోతులో, దాని మీద ఆక్టోపస్‌లు, చేపలు, ఎముకల్ని తినే పురుగులు. కంట్రోల్ రూమ్‌లో వాళ్ల అరుపులు రికార్డింగ్‌లో ఇప్పటికీ వినొచ్చు. ఇంకొంచెం ముందే పైకి తిరిగి ఉంటే అది ఎవరికీ కనిపించేది కాదు. అందుకే రోబో అడుగు వదిలి పైకి బయల్దేరిందని పైలట్ నోటితో చెప్పేదాకా నేను ఆ ట్యాబ్ మూయను.